జిద్దాకీ మలక్కాకీ నడుమ

ఆ మధ్య మా ఖాలా, ఖాలూ ఉమ్రాకు పోతుంటే సాగనంపడానికి సూళ్ళూరుపేట నుంచి మద్రాసు విమానాశ్రయానికి బయల్దేరాం. ఊరి పేరు 1996లో మారినా మా నోటికి అది ఇప్పటికీ మద్రాసే. బాడుగ కారు. కాళ్ళ దగ్గర ఇంట్లో పెట్టిన నిమ్మకాయ ఊరగాయ డబ్బా, ఒళ్ళో తస్బీ. కారు నడిపే పిల్లాడు మర్యాదస్తుడు. దారిలో అందరికీ టీ తాగించాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. తడ దాటి సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర బండి నెమ్మదించినప్పుడు వెనక్కి తిరిగి చాలా మామూలుగా అడిగాడు: "మీ దేశానికి ఎంతసేపు పడుతుంది భాయ్?"

"ఆరు గంటలు" అన్నాం. అనేశాక నాలిక కరుచుకున్నాం. అతను అడిగింది జిద్దాకి ఎంతసేపని. మేం ఒప్పుకున్నది మాత్రం జిద్దా మా దేశమని. అతనిలో ద్వేషం లేదు. 1992 డిసెంబర్ తర్వాత గోడల మీద రాసిన "పోండి మీ దేశానికి" అనే రాతలాంటిది కాదిది. అందుకే జవాబు చెప్పడం కష్టమైంది. ద్వేషించేవాడితో పోట్లాడొచ్చు. టీ తాగించినవాడితో ఏం పోట్లాడతాం?

ఇంటికి తిరిగొచ్చాక ఈ దూరాల సంగతేమిటో ఒకసారి లెక్క తేల్చుకుందామనిపించింది.

మద్రాసు నుంచి జిద్దాకి విమానదూరం సుమారు 4,450 కిలోమీటర్లు. పెద్ద విమానం గంటకు 850, 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఎక్కడానికీ దిగడానికీ మరో అరగంట. అందుకే దాదాపు ఆరు గంటలు. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి కాబట్టి తిరుగు ప్రయాణం కొంచెం తక్కువ. ఇంత చేసి విమానం కూడా గాలికి లోబడిందేనన్నమాట. ఇక తూర్పుకి తిరిగితే మద్రాసు నుంచి కౌలాలంపూర్ సుమారు 2,625 కిలోమీటర్లు, నాలుగు గంటలు. జిద్దా గడియారం మన గడియారానికి రెండున్నర గంటలు వెనక. కౌలాలంపూర్ గడియారం సరిగ్గా రెండున్నర గంటలు ముందు.

ఇక్కడిదాకా మామూలు లెక్కే. మమ్మల్ని ఆపేసింది దీని తర్వాతది. జిద్దా నుంచి నేరుగా కౌలాలంపూర్‌కి ఎంత? సుమారు 7,060 కిలోమీటర్లు. ఇప్పుడు పై రెండింటినీ కూడి చూడండి: 4,450కి 2,625 కలిపితే 7,075. నేరుగా ఎగిరినా, మద్రాసులో దిగి పోయినా తేడా పది పదిహేను కిలోమీటర్లే. ఏడువేల కిలోమీటర్ల ప్రయాణంలో అది తేడానా? పిల్లల భూగోళం బొమ్మ తీసుకుని జిద్దా దగ్గర ఒక కొస, కౌలాలంపూర్ దగ్గర ఒక కొస పట్టుకుని దారం బిగించి లాగాం. దారం అరేబియా సముద్రం దాటి మంగళూరు దగ్గర్లో నేలెక్కి, పరంగిపేట దగ్గర్లో బంగాళాఖాతంలోకి దిగింది. రెండూ పాత సాయిబుల రేవులే. దారానికి ఉత్తరాన రెండొందల కిలోమీటర్లకు కాస్త పైన, వేలెడంత కూడా లేని దూరంలో, ఇంకో రేవు ఉంది. అది పులికాట్.

అరబ్బు దేశం నుంచి మలయా ద్వీపాలకు పోయే దారికి పులికాట్ పక్కనే ఉంది. విమానాలు వచ్చాక దాటిపోయే ఊరైంది గానీ, ఓడల కాలంలో సరుకు దించి, ఎక్కించి, గాలి మారేదాకా ఆగే ఊరు. ఇది తెలిసిన తర్వాత "మీరు అంత దూరం నుంచి ఇక్కడికెందుకొచ్చారు?" అనే ప్రశ్న మాకు వింతగా వినిపించడం మొదలైంది. దారి పక్కన ఉన్న ఊరికి మనుషులు ఎందుకొచ్చారని ఎవరైనా అడుగుతారా?

పులికాట్ అంటే మనవాళ్ళకి మొదట గుర్తొచ్చేది సరస్సు, పూలకొంగలు, నేలపట్టు. తెలుగులో దాని పాత పేరు ప్రళయకావేరి. తమిళంలో ఊరిపేరు పళవేర్కాడు. సరస్సులో ఎక్కువ భాగం మన వైపు, అంటే ఒకప్పటి నెల్లూరు జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. ఊరు మాత్రం మద్రాసుకు ఉత్తరాన పొన్నేరి వైపు, తమిళనాడులో. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడూ, 1960లో సరిహద్దులు సర్ది సత్యవేడును చిత్తూరుకు, తిరుత్తణిని మద్రాసుకు ఇచ్చినప్పుడూ ఊరు అటే ఉండిపోయింది. నీళ్ళు మావి, మసీదులు వాళ్ళవి అని మేం నవ్వుకుంటాం. అసలు ఆ గీతకు పడవవాళ్ళు గానీ చేపలు గానీ ఎన్నడూ విలువిచ్చింది లేదు.

1516 ప్రాంతంలో పోర్చుగీసు ఉద్యోగి దువార్తె బార్బోసా ఈ తీరం గురించి రాశాడు. ముస్లిములూ హిందువులూ నిండుగా ఉన్న అందమైన రేవని, పెగూ నుంచి కెంపులు, కస్తూరి ఇక్కడికి వస్తాయని, ఇక్కడి అద్దకపు నూలు బట్టలు మలక్కాకీ పెగూకీ సుమత్రాకీ, ఇటు గుజరాత్‌కీ మలబారుకీ పోతాయని చెప్పాడు. అప్పుడు ఏలుతున్నది విజయనగరం. ఓడలు ఎక్కువగా ముస్లిముల చేతుల్లో. బట్ట నేసినవాళ్ళు, చిరివేరు తవ్వి ఎర్రరంగు తీసినవాళ్ళు, అద్దకం వేసినవాళ్ళు లోపలి పల్లెల తెలుగువాళ్ళు, తమిళులు. నైరుతి గాలి ఓడల్ని తూర్పుకు తోసేది, ఈశాన్య గాలి వెనక్కి తెచ్చేది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల భయానికి తీరం మూతపడేది. అందుకే ఒక్కో ప్రయాణానికి వారాలు పట్టినా, పోయి రావడానికి నెలలు పట్టేది. పోయినచోట ఆగాలి, అక్కడ ఇల్లు కావాలి, తోడు కావాలి. ఈ తీరం వాళ్ళు మలక్కాలో, మలక్కా వాళ్ళు ఇక్కడ సంసారాలు పెట్టుకోవడం వెనక ఉన్నది గాలి లెక్క.

ఇక్కడ మా గురించి మేం ఒక మాట చెప్పుకోవాలి. పరాయివాళ్ళను ప్రశ్నించినంత సులువు కాదిది.

పులికాట్ ముస్లిములలో ఒక కథ తరతరాలుగా ఉంది. 13వ శతాబ్దంలో అరబ్బు దేశంలో కొత్త ఖలీఫాకు కప్పం కట్టమని ఎదురుతిరిగిన కొన్ని కుటుంబాలను వెళ్ళగొడితే, వాళ్ళు నాలుగు పడవల్లో బయల్దేరి ఈ ఒడ్డుకు చేరారని. కథ బాగుంటుంది. అన్యాయపు పన్నుకు తలవంచని వాళ్ళ వారసులమని చెప్పుకోవడంలో గౌరవం ఉంది. కాని నాలుగు పడవల్లో ఎంతమంది పడతారు? అందులో ఆడవాళ్ళెందరు? పడవలు దిగినవాళ్ళు పెళ్ళాడింది ఎవరిని? వాళ్ళ పిల్లలకు జోల పాడింది ఏ భాషలో? లబ్బైలూ మరక్కాయర్లూ అరబ్బీ అక్షరాలతో తమిళం రాశారు, ఆ రాతను అర్వీ అన్నారు. లిపి ఓడలో వచ్చింది. మాట తల్లిది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అయినా మా పెళ్ళి సంబంధాల్లో ఈ నాలుగు పడవలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మక్కాకు ఎంత దగ్గరి వంశమైతే అంత గొప్ప. సయ్యదు, షేకు, పఠాను అని మెట్లు. దూదేకుల వాళ్ళను, నేత నేసిన వాళ్ళను, వల వేసిన వాళ్ళను కింది మెట్టు మీద నిలబెట్టి, "వీళ్ళు ఇక్కడే కలిసినవాళ్ళు" అనడం. ఇక్కడే కలవడం తక్కువతనం ఎప్పుడయింది? బయటివాడు "మీరు అక్కడివాళ్ళు" అని మమ్మల్ని తోసేస్తుంటే, లోపలి పెద్దమనుషులు "అవును, మేం అక్కడివాళ్ళమే" అని మురిసిపోతున్నారు. ఇద్దరూ ఒకే లెక్క చేస్తున్నారు. 4,450 కిలోమీటర్లను ఒకడు తిట్టుగా వాడుతున్నాడు, ఇంకొకడు బిరుదుగా తగిలించుకుంటున్నాడు. మాలో ఎక్కువమంది ముత్తాతలు ఈ నేల దాటి ఎక్కడికీ పోలేదు, ఎక్కడినుంచీ రాలేదు. కులం తొక్కిన చోటు నుంచి లేచి, మసీదు మెట్ల దాకా నడిచారు. ఆ దూరం ఏ విమానాశ్రయపు బోర్డు మీదా కనిపించదు.

సముద్రం మీద దూరం పెరిగింది గాలి వల్ల కాదు, కాగితం వల్ల. 1511లో పోర్చుగీసులు మలక్కాను పట్టుకున్నారు. తమ దగ్గర కొన్న అనుమతి పత్రం లేని ఓడ కనిపిస్తే దోచుకోవచ్చన్నారు. దానికి కార్తాజ్ అని పేరు. నిన్నటిదాకా ఎవరి సొత్తూ కాని సముద్రానికి గేటు పెట్టారు. వాళ్ళ తర్వాత డచ్చివాళ్ళు. 1610లో వాళ్ళు పులికాట్‌లో కోఠీకి అనుమతి పొందింది విజయనగరపు ఆరవీటి రాజు వెంకటపతిరాయల నుంచి. మన చంద్రగిరి కోటలో కొంతకాలం కొలువు పెట్టిన రాజు ఆయన. 1612లో పోర్చుగీసులు ఆ కోఠీని ధ్వంసం చేస్తే, 1613లో డచ్చివాళ్ళు గెల్డ్రియా అనే కోట కట్టుకున్నారు. అక్కడ నాణేలు ముద్రించారు, తుపాకి మందు చేశారు. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమండల్ తీరంలో వాళ్ళ ముఖ్యస్థానం అదే. 1641లో మలక్కా కూడా వాళ్ళ చేతికి చిక్కింది. అప్పుడు దారికి ఈ కొసా వాళ్ళదే, ఆ కొసా వాళ్ళదే. ముస్లిం ఓడలవాళ్ళు పత్రాల పీడ తప్పించుకోవడానికి మలక్కాను వదిలి ఆచేకీ కెడాకీ చుట్టుతిరిగి పోయారు. మైళ్ళు మారలేదు, గాలి మారలేదు. ఊరు మాత్రం దూరమైపోయింది.

డచ్చివాళ్ళ ఓడల్లో బట్టలతోపాటు మనుషులు కూడా పోయారు. కరువు వచ్చినప్పుడల్లా ఈ తీరంలో తిండిలేనివాళ్ళను కొని బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు పంపారు. పులికాట్ ఆ బానిస వ్యాపారానికి ముఖ్యమైన రేవు. ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ కాలనీ పత్రాల్లో ఒక స్త్రీ పేరు ఉంది: పెద్ద కాత్రేన్, ఊరు పలియకట్టా. బటావియాలో శిక్ష వేసి 1657లో ఆమెను కేప్‌కు తరలించారు. ఆమె తల్లిదండ్రులు పెట్టిన పేరేమిటో, ఆమె ఏ దేవుణ్ణి మొక్కేదో పత్రంలో లేదు. ఊరి పేరు మాత్రం ఒంటికి అంటుకునే పోయింది. పులికాట్ నుంచి జావా, జావా నుంచి ఆఫ్రికా. ఆ కాలంలో ఈ ఊరి మనిషి చేసిన అతి పొడవైన ప్రయాణాల్లో ఇదొకటి. టికెట్టు ఆమె కొనుక్కున్నది కాదు. ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. అస్థిపంజరాల బొమ్మలు చెక్కిన రాళ్ళు, పురావస్తు శాఖ రక్షణ, చుట్టూ గోడ. చూడ్డానికి జనం వస్తారు. కాత్రేన్‌కు ఊళ్ళో రాయి లేదు.

1824 ఒప్పందంతో డచ్చివాళ్ళు భారతదేశంలోని తమ స్థావరాలు ఇంగ్లీషువాళ్ళకు వదిలేశారు. మరుసటి సంవత్సరం పులికాట్ కూడా చేతులు మారింది. అప్పటికే వ్యాపారమంతా మద్రాసుకు తరలిపోయింది. ఇంగ్లీషువాళ్ళు మొదట మా పక్కనే దుగరాజపట్నంలో 1626లో కోఠీ పెట్టి, డచ్చివాళ్ళ పోటీకి నిలవలేక 1639లో మద్రాసు వెతుక్కున్నారు. ఆ మద్రాసు చివరకు పులికాట్‌ను మింగింది. అదో పెద్ద కథ, ఇక్కడ వద్దు. ఓడలు నడిపిన వాళ్ళ వీధుల్లో ఆడవాళ్ళు తాటాకు పెట్టెలు అల్లి అమ్ముకుంటున్నారు. చిన్న మసీదులో నీడ గడియారం ఉంది. అది ఆ ఊరి సూర్యుణ్ణే నమ్ముతుంది గనుక, మన రేడియో చెప్పే టైముకు సగటున తొమ్మిది నిమిషాలు వెనక నడుస్తుంది. ఆ ఊరికి తన సొంత సమయం అంటూ మిగిలింది ఆ తొమ్మిది నిమిషాలే అనిపిస్తుంది మాకు.

బట్ట మాత్రం బతికింది. మలయాలో, ఇండోనేషియాలో మగవాళ్ళు కట్టే గళ్ళ లుంగీని కైన్ పెలెకాట్ అంటారు. పెలెకాట్ అంటే పులికాటే. అక్కడ అది మర్యాదైన బట్ట. ఇంట్లో కడతారు, జుమా నమాజుకు కట్టుకుపోతారు. ఇక్కడ అదే గళ్ళ లుంగీ మా ఒంటి మీద ఉంటే సినిమాల్లో రౌడీ, వీధిలో అనుమానం. పదో క్లాసులో ఉన్నప్పుడు మాలో ఒకడు లుంగీతో బడి గేటు దాకా పోయి తమ్ముడికి క్యారియర్ ఇచ్చొస్తే, మరుసటి రోజు ఒక మాస్టారు క్లాసులో "పాకిస్తాన్ బోర్డరు దాకా వచ్చినట్టుందే" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఆ బట్టకు పేరిచ్చింది బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న ఊరని ఆయనకు తెలీదు. మాకూ తెలీదు. మాకు తెలియకపోవడమే ఇప్పుడు ఎక్కువ బాధ.

హజ్ సంగతికొస్తే, గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుంచి ఎర్రసముద్రానికి ఓడలు పోయేవి. యాత్రికులు మన తీరం నుంచే ఎక్కేవాళ్ళు. ఆవిరి ఓడలు వచ్చాక అంతా బొంబాయికి మారింది. మా తాతల కాలంలో హజ్ అంటే రేణిగుంటలో బొంబాయి రైలెక్కడం, ముసాఫిర్‌ఖానాలో ఓడ కోసం ఎదురుచూడడం, ఆపైన 2,300 నాటికల్ మైళ్ళ సముద్రం. పోయేవాళ్ళు అప్పులు తీర్చి, తగాదాలు పరిష్కరించుకుని, ఊరందరినీ క్షమాపణ అడిగి, కఫన్ గుడ్డ మూటలో పెట్టుకుని పోయేవాళ్ళు. ఓడ ప్రయాణాలు 1995తో ఆగిపోయాయి. తూర్పు వైపు కథా ఇంతే. మద్రాసు, నాగపట్నం, పినాంగు, సింగపూరు తిరిగిన రజూలా ఓడ 1926 నుంచి 1973 దాకా ఎంతమంది కూలీలను, చిల్లర వ్యాపారులను మోసిందో లెక్క లేదు. వారం పైన ప్రయాణం. ఇప్పుడు నాలుగు గంటలు.

అయితే గంటలు తగ్గితే దూరం తగ్గిందా? కడప, రాయచోటి, మదనపల్లె వైపు నుంచి కువైట్‌కు పోయిన మా పిల్లల్ని అడగండి. మద్రాసు నుంచి 3,775 కిలోమీటర్లు, ఐదు గంటలు. రేణిగుంట విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా ఇచ్చారు, మంచిదే. కాని ఐదు గంటల్లో పోయిన పిల్ల అక్కడ ఒక ఇంట్లో వంటపనికి కుదిరి, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటే, అమ్మ చనిపోయిందని తెలిసినా నెలల తరబడి రాలేదు. గాలి మారేదాకా ఆగిన నావికుడికి ఏ నెలలో గాలి మారుతుందో తెలుసు. కాగితం ఎప్పుడు మారుతుందో ఈ పిల్లకు తెలీదు. కార్తాజ్ పేరు మారింది, అంతే.

సరస్సు మీదే ఇంకో దూరం ఉంది. తడ మండలంలో ఇరకం అనే దీవి ఊరు. అక్కడివాళ్ళు ఒడ్డుకు రావాలంటే పడవే గతి. నీళ్ళు తగ్గితే పడవ బురదలో దిగబడుతుంది. అదే సరస్సుకు అవతల శ్రీహరికోట. అక్కడి నుంచి 2023 జూలై 14న బయల్దేరిన చంద్రయాన్-3 నలభై రోజుల్లో చంద్రుడి మీద దిగింది. మేమూ ఇంటి మిద్దెల మీదెక్కి చూశాం, చప్పట్లు కొట్టాం. రాకెట్టు ఎగిరే రోజు జాలర్లు సముద్రంలోకి పోకూడదు. కేంద్రం కట్టినప్పుడు దీవి ఖాళీ చేసిన యానాదులు ఎక్కడెక్కడ తేలారో చెప్పే బోర్డు మాకెక్కడా కనిపించలేదు. ఈ నేలమీద దూరం లెక్క మా ఒక్కరికే తప్పుగా రాసిపెట్టలేదని చెప్పడానికే ఈ మాట.

రెండు వారాల తర్వాత ఖాలా, ఖాలూ తిరిగొచ్చారు. ఆ కారు పిల్లాడే మళ్ళీ వచ్చాడు. మేమే ఫోన్ చేసి పిలిచాం. జంజం నీళ్ళ క్యాను డిక్కీలో పెడుతూ "ఎట్లుంది పెద్దాయనా?" అని అడిగాడు. ఖాలూ బండి ఎక్కీ ఎక్కకముందే సంచి విప్పి ఒక గళ్ళ లుంగీ తీశాడు. మదీనాలో పక్కన కూర్చున్న మలేషియా ముసలాయన ఇచ్చాడట. ఒకరి మాట ఒకరికి రాదు. ఖాలూ తన లుంగీని చూపించి లుంగీ అన్నాడు. ఆయన తలూపి తన లుంగీని పట్టుకుని పెలెకాట్, పెలెకాట్ అన్నాడు.

"పళవేర్కాడు గురించే చెప్తున్నాడేమోననుకున్నా" అన్నాడు ఖాలూ. "మా ఊరి పక్కనే అని చేత్తో చూపించా. ఆయన నమ్మలా."

కారు పిల్లాడు అద్దంలోంచి చూసి, చెయ్యి వెనక్కి చాపి, ఆ గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. వాళ్ళ ఊరు పొన్నేరట.